కృతి, కర్త, కూలి

కొన్ని సంవత్సరాల క్రిందట ఒక పల్లెటూరి బడిపంతులుగారి నుండి నాకొక ఉత్తరం వచ్చినది. చుట్టుపట్ల నాలుగైదు గ్రామాల పిల్లల కోసం పది కథలతో ఒక చిన్న పుస్తకం అచ్చువేయదలచినామనీ, అందులో నా కథ ఒకటి చేర్చుకొనుటకు అనుమతి ఇమ్మనీ ఆయన కోరినారు. పుస్తకం వెల కాగితం ఖర్చుకు సరిపోయేటంత మాత్రమే. నాకు కలిగిన సంతోషం ఇంత అంత కాదు. వెంటనే సమ్మతి తెలుపుతూ జాబు వ్రాయబోయి, ఎందుకో అనుమానం వచ్చి, పాత కాగితాల కట్ట విప్పి చూచినాను. ఆ కథ ఉన్న సంపుటానికి యౌవనంలో నేను చేసుకొన్న ఒప్పందం అందులో దొరికినది. ఒక్కసారిగా ఇచ్చిన కొద్దిపాటి మొత్తానికి బదులుగా, ఆ కథలపై సర్వహక్కులనూ నా జీవితకాలానికీ, ఆపైన చట్టం అనుమతించినంత కాలానికీ ప్రచురణకర్తకు ధారపోసినట్లు వ్రాసి, క్రింద నా సంతకం ఉన్నది. ఆనాడు ఆ డబ్బుతో ఇంటి అద్దె బాకీ తీర్చుకొన్నాను. కనుక మోసపోయినానని చెప్పలేను. అవసరంలో ఉన్నాను, సంతకం చేసినాను, అంతే.

ప్రచురణకర్తకు రెండు ఉత్తరాలు వ్రాసినాను. జవాబు రాలేదు. సంగతి పంతులుగారికి తెలిపి క్షమాపణ కోరినాను. ఆరు నెలల తరువాత ఆ చిన్న పుస్తకం తపాలాలో నాకు చేరినది. నా కథ అందులో ఉన్నది. ఊరి పేరు మారినది. కథలోని ముసలమ్మ పేరు మారినది. నా పేరు లేదు. ఆ చోట ‘ఒక పాత కథ’ అని ఉన్నది. లోపల మడిచిపెట్టిన చీటీలో పంతులుగారు రెండే ముక్కలు వ్రాసినారు: పిల్లలు ఈ కథను వదలనివ్వలేదు, మీకు చిక్కు రాకూడదని పేరు తీసివేసినాను.

ఆయన నిజాయితీపరుడు. నన్ను కాపాడుటకే నా పేరు తుడిచివేసినాడు. కర్తను రక్షించుటకు పుట్టిన చట్టం, కర్త పేరు దాచితేనే గాని కథ పిల్లలకు చేరని స్థితికి ఎట్లు వచ్చినది? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం వదలలేదు. దానిని వెంబడించి నేను పోయిన దారినే ఇక్కడ చెప్పదలచినాను.

చట్టం దృష్టిలో ఆ కథ ఎవరిదన్న ప్రశ్నకు సమాధానం సులభం. 1957లో మన పార్లమెంటు చేసిన కాపీరైటు చట్టం ప్రకారం కృతికి ప్రథమ స్వామి సాధారణంగా కర్తయే. ఆ స్వామ్యాన్ని ఆయన వ్రాతమూలకంగా ఇతరులకు బదిలీ చేయవచ్చును. అది కర్త జీవితాంతమూ, ఆయన మరణించిన సంవత్సరం గడచిన తరువాత మరి అరవై ఏళ్ళూ నిలుస్తుంది. భావానికి ఈ హక్కు లేదు. భావం ధరించిన రూపానికే ఉన్నది. విరహాన్ని గూర్చి ఎవరైనా వ్రాయవచ్చును. నేను వ్రాసిన మాటలలోనే వ్రాయరాదు. ఇంతవరకు వివాదం లేదు.

కాని ‘స్వామ్యం’ అన్న మాట పొలం నుండి వచ్చినది. పొలాన్ని నేను దున్నుతూ ఉండగా మరొకడు దున్నలేడు. పాట అటువంటిది కాదు. నేను పాడుతున్న పాటను పొరుగువాడు పాడితే నా గొంతులో పాట తరగదు. విద్యాధనాన్ని గూర్చి మన సుభాషితకారులు ఏనాడో ఈ మాట గ్రహించినారు: ఇచ్చినకొద్దీ పెరిగే ధనమది. ఒక దీపం నుండి వేయి దీపాలు వెలిగించినా మొదటి దీపపు కాంతి తగ్గదు. ఈ ఉపమానం చెప్పి, కావున కృతులన్నీ లోకానివే, హక్కులన్నీ దురాశలే అని తీర్పు చెప్పేవారు ఉన్నారు. నేనూ ఒకప్పుడు అట్లే అనేవాణ్ణి. అయితే దీపం తరగదు గాని, దానిలో నూనె పోసినవాడి కుండ తరుగుతుంది. ఆ కుండను ఎవరు నింపవలెను? సమస్య అంతా ఇక్కడ ఉన్నది.

మన ప్రాచీనులకు కృతిపై ఆస్తిహక్కు తెలియదు. కాని కృతిపై కర్తృత్వం బాగుగా తెలుసు. రాజశేఖరుడు పదవ శతాబ్దపు తొలినాళ్ళలో కావ్యమీమాంస వ్రాస్తూ, ఒక కవి మరొక కవి నుండి మాటలు తీసుకొనుట, భావాలు తీసుకొనుట అనే విషయానికి కొన్ని అధ్యాయాలే కేటాయించినాడు. ఏది నింద్యమైన అపహరణ, ఏది మెచ్చదగిన స్వీకరణ అని రకాలు విడదీసి చర్చించినాడు. కవులందరూ ఎంతో కొంత పూర్వుల సొమ్ము వాడుకొన్నవారేనని ఆయనకు తెలుసు. వాడుకొనుట దోషమా అని కాక, వాడుకొన్నదానికి కొత్త ప్రాణం పోసినాడా లేదా అని ఆయన అడిగినాడు.

భక్తకవుల ముద్ర మరీ విలక్షణమైనది. పురందరదాసు పాట చివర ‘పురందర విఠల’ అని, త్యాగయ్య కృతి చివర ‘త్యాగరాజ’ అని, కబీరు పదంలో ‘కబీర్’ అని వినవస్తుంది. పాడేవారు పాటతోబాటు కర్తనూ పాడవలసిందే. ఈ పాటను ఎవరైనా, ఎక్కడైనా, పైసా ఇవ్వకుండా పాడుకోవచ్చును. కాని పేరు వదలరాదు. స్వామ్యం సున్న, కర్తృత్వం సంపూర్ణం. అంతేకాదు, కబీరు పేరున ప్రచారంలో ఉన్న పదాలలో ఆయనవి కానివి అనేకం ఉన్నవని పండితులు చెప్పుతున్నారు. ఎవరో అజ్ఞాతకవి తన పదాన్ని కట్టి, తన పేరు పెట్టుకొనక, కబీరు ముద్ర వేసి లోకంలో వదలినాడు. పరుల సొమ్మును తనదనుట దొంగతనమైతే, తన సొమ్మును పరులదనే ఈ పనిని ఏమనవలెను?

అయినా ఈ చిత్రాన్ని చూచి మురిసిపోవుట తగదు. పాట స్వేచ్ఛగా తిరిగినది. పాట కట్టినవాడు ఏమి తిన్నాడు? త్యాగయ్య ఉంఛవృత్తితో బ్రతికినాడు. తంజావూరు ప్రభువు ఆహ్వానాన్ని ఆయన కాదన్నాడని సంప్రదాయం చెప్పుతుంది. అంతటి మనోబలం అందరికీ ఉండదు. ఉండవలెనని కోరుట న్యాయమూ కాదు. తక్కినవారు రాజుల కొలువు చేసినారు, కావ్యాలు అంకితమిచ్చినారు, అగ్రహారాలు పుచ్చుకొన్నారు. అంకితమంటే ఏమి? కృతిని ఒకే కొనుగోలుదారునికి ఒకేసారి అమ్ముట. నరాంకితానికి ఇష్టపడక పోతన హాలము పట్టినాడన్న ఐతిహ్యాన్ని తెలుగువారు తరతరాలుగా చెప్పుకొంటున్నారంటే, ఆ అమ్మకంలో ఉన్న నొప్పి వారికి తెలుసుననియే అర్థం. ఆ కాలంలో కవికి మూడే దారులు ఉండేవి: బిచ్చం, నాగలి, కొలువు.

అచ్చుయంత్రం నాలుగవ దారి తెరచినది. రాజు ఒక్కడే ఇచ్చే వేయి వరహాలకు మారుగా వేయిమంది చదువరులు తలకొక రూపాయి ఇస్తే కవి ఎవరి ముందూ చేయి చాపనక్కరలేదు. కాపీరైటు అనే భావం ఈ ఆశ నుండియే పుట్టినది. 1710లో ఇంగ్లండులో అమలులోకి వచ్చిన తొలి చట్టం కొత్త పుస్తకానికి ఇచ్చిన రక్షణ పదునాలుగు సంవత్సరాలు. గడువు నాటికి కర్త జీవించి ఉంటే మరి పదునాలుగు. శాశ్వతం కాదు. మన దేశానికి ఈ చట్టం ఈస్టిండియా కంపెనీ పాలనలో 1847లో వచ్చినది. త్యాగయ్య కన్నుమూసినదీ ఆ యేడే. ఒక యుగం ముగియుట, మరొక యుగం మొదలగుట ఒక్క సంవత్సరంలో జరిగినవి. కంపెనీ చట్టం కర్త జీవితకాలానికి తోడు ఏడేళ్ళు, లేదా ప్రచురణ నుండి నలుబదిరెండేళ్ళు, ఏది ఎక్కువైతే అది ఇచ్చినది. 1914లో వచ్చిన చట్టంతో అది మరణానంతరం యాభై ఏళ్ళయినది. ఇప్పుడు అరవై. ప్రతి మార్పులోను గడువు పెరిగినదే గాని తరిగినది లేదు. పెరిగిన ఈ కాలం ఎవరికి ఉపయోగపడినదన్నది వేరే ప్రశ్న.

దీనికి సుబ్రహ్మణ్య భారతి కథ కంటె మంచి పాఠం మన దేశంలో మరొకటి లేదు. భారతి 1921లో మద్రాసులో మరణించినాడు. అప్పటికి ఆయనకు నలుబది యేళ్ళయినా నిండలేదు. జీవితమంతా పేదరికమే. చనిపోవుటకు ముందటి సంవత్సరం తన రచనలన్నిటినీ నలుబది సంపుటాలుగా అచ్చువేయదలచి, అప్పు ఇమ్మని మిత్రులకు విజ్ఞప్తి పంపినాడు. తన పుస్తకాలు కిరసనాయిలు వలె, అగ్గిపెట్టెల వలె ఇంటింటా అమ్ముడుపోవునని ఆయన ఆశ. డబ్బు రాలేదు, సంపుటాలు రాలేదు. ఆయన బ్రతికి ఉన్నంత కాలం ఆ హక్కు విలువ ఇంచుమించు శూన్యం.

మరణించిన తరువాత విలువ పెరిగినది. భార్య చెల్లమ్మ కొన్ని పుస్తకాలు వేయించినది. తరువాత ప్రచురణహక్కు కవిగారి సవతి సోదరుడు విశ్వనాథన్ చేతికి వచ్చినది. ఇంతలో గ్రామఫోను, రేడియో, మాట్లాడే సినిమా వచ్చినవి. అచ్చు పుస్తకంగా కొద్దిమందే కొన్న పాట రికార్డుగా ఇంటింటా మ్రోగసాగినది. ధ్వనిముద్రణ హక్కులు విడిగా అమ్ముడై, చేతులు మారి, చిత్రనిర్మాత ఎ.వి. మెయ్యప్ప చెట్టియారుగారికి చేరినవి. 1948లో టి.కె.ఎస్. సోదరులు తమ చిత్రంలో భారతి పాటను వాడుకొనగా వివాదం బయటపడినది. స్వాతంత్ర్యాన్ని గానం చేసిన కవి పాటకే స్వాతంత్ర్యం లేదా అని తమిళ రచయితలు, నటులు, ప్రజలు అడిగినారు. 1949లో మద్రాసు ప్రభుత్వం హక్కులను తన అధీనంలోకి తీసుకొన్నది. మెయ్యప్పగారు ప్రతిఫలం కోరకుండా తమ హక్కు విడిచినారు. కుటుంబానికి ప్రభుత్వం సొమ్ము చెల్లించినది. 1950ల నడుమ ఆ రచనలు ప్రజల సొత్తయినవి. ఆ నిర్ణయం జరిగిన నాటికి ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనివే గనుక, భారతి పాటకు విముక్తి కలిగించిన ప్రభుత్వం తెలుగువారిది కూడా.

ఈ కథలో దుర్మార్గుడు లేడు. హక్కు కొన్నవారు న్యాయంగా కొన్నారు; అమ్మినవారు అవసరం కొద్దీ అమ్మినారు. తప్పు మనుషులలో కాక ఏర్పాటులో ఉన్నది. కవికి అన్నం కావలసిన నాడు హక్కు అన్నం పెట్టలేదు. పాట దేశానిదైన నాడు హక్కు అడ్డు నిలిచినది. ఆకలివేళకు రాక, ఆకలి తీరిన చాలాకాలానికి వచ్చి వాకిట కావలి కూర్చున్నది.

రవీంద్రుని విషయం దీనికి భిన్నమైనది. ఆయన తన రచనల ఆదాయాన్ని విశ్వభారతికి అప్పగించినాడు. కవి తన కృతుల ద్వారా ఒక విద్యాలయాన్ని పోషించుట ఎంత గొప్ప సంగతి! ఆయన మరణించినది 1941లో. నాటి లెక్క ప్రకారం 1991 ముగిసేసరికి గడువు తీరవలెను. గడువు తీరబోయే డిసెంబరులో కేంద్రప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి యాభైని అరవై చేసినది. మరుసటి సంవత్సరం పార్లమెంటు దానిని శాసనంగా మార్చినది. ఒక సంస్థ కోసం చేసిన పెంపు దేశంలోని రచయితలందరికీ వర్తించినది. వారసులెవరో తెలియని రచయితల పుస్తకాలు, అచ్చులో లేనివి, ఎవరిని అడిగి వేయవలెనో తెలియనివి, మరి పదేళ్ళు బీరువాలలో ఉండిపోయినవి.

గడువు కంటె సూక్ష్మమైన ప్రశ్న దేవవ్రత విశ్వాస్‌గారి అనుభవంలో ఉన్నది. ఆయన రవీంద్రసంగీతాన్ని జనసామాన్యానికి చేర్చిన గాయకుడు. ఆయన పాడే తీరు, వాద్యాల వాడకం సమ్మతం కాదని విశ్వభారతి సంగీతమండలి కొన్ని రికార్డులకు అభ్యంతరం చెప్పినది. అభిమానం గాయపడి 1970లలో ఆయన రికార్డు చేయుటయే మానివేసినాడు; తన బాధను ఒక పుస్తకంగా వ్రాసినాడు; 1980లో మరణించినాడు. మండలివారి వాదంలో సారం లేకపోలేదు. రవీంద్రునికి తన పాటల స్వరూపంపై పట్టుదల ఉండేది. కావలివారు లేకపోతే పాట వికృతమయ్యే ప్రమాదమున్నది. అయినా ఇప్పుడు ఆ హక్కు గడువు తీరి రెండు దశాబ్దాలు దాటినది. రవీంద్రుని పాట చెడిపోలేదు. దేవవ్రతుని కంఠంలో దానిని వెదకి వినేవారు ఇప్పటికీ ఉన్నారు. ఏ పాటకైనా చివరి కావలివాడు దానిని ప్రేమించే శ్రోతయే.

ఈ చిక్కులన్నీ చూచి హక్కునే త్యజించినవారూ ఉన్నారు. 1910లో హింద్ స్వరాజ్ ఆంగ్లప్రతిని గాంధీజీ వెలువరించినప్పుడు, ఏ హక్కులూ ప్రత్యేకించుకొనలేదని దానిపై అచ్చువేయించినారు. కాని దశాబ్దాలు గడచిన తరువాత, 1940లో, తమ రచనల హక్కును నవజీవన్ ట్రస్టుకు వ్రాసి ఇచ్చినారు. ఇది ఆదర్శం నుండి జారుట కాదు. ఏ కాపుదలా లేని రచనను ఎవడైనా తప్పుల తడకగా అచ్చువేసి సొమ్ము చేసుకోగలడని అనుభవం నేర్పినది. ఆ హక్కు 2008తో ముగిసినది. గడువు పెంచుమని ట్రస్టు కోరలేదు. అంతకు ముందు రష్యాలో టాల్‌స్టాయి కూడా 1881 తరువాతి తన రచనలపై హక్కు వదలుకొన్నాడు. పెద్ద సంసారాన్ని ఈదుతున్న ఆయన భార్య సోఫియా దానిని జీవితాంతం ఎదిరించినది. త్యాగం చేసిన కీర్తి ఆయనది. ఇంటి లెక్కల పుస్తకం ఆమెది. త్యాగం గొప్పదే. కాని ఒకరి త్యాగానికి వెల మరొకరు చెల్లిస్తున్నారేమో చూడక దానిని నీతిసూత్రంగా నిలుపరాదు.

ఇంతవరకు పుస్తకాన్ని గూర్చి చెప్పినాను. కాని మన దేశంలో సృజన వలన డబ్బు ఎక్కువగా పుట్టినది పుస్తకంలో కాదు, పాటలో. ప్రేమ్‌చంద్ తన ముద్రణాలయపు అప్పులు తీర్చుటకు 1934లో బొంబాయి వెళ్ళి సినిమాకు కథ వ్రాసినాడు. ఇమడలేక మరుసటి యేడు తిరిగి వచ్చినాడు. ఆ తరువాత సినిమా మహాపరిశ్రమగా పెరిగినది. ఒక పాట వెనుక వ్రాసేవాడు, స్వరపరచేవాడు, పాడేవారు, వాద్యకారులు ఉంటారు. ముందు రికార్డుల వ్యాపారి, రేడియో, పెళ్ళిపందిరిలో బ్యాండుమేళం, ఒకప్పుడు క్యాసెట్టు, నేడు ప్రతివాని చేతిలోని ఫోను. ఒక్క పల్లవి ఎన్ని పొయ్యిలు వెలిగిస్తుందో లెక్కకట్టుట కష్టం. అందుచేతనే నేటి ఆర్థికవేత్తలు కళను జాతి సంపదలో ఒక పద్దుగా చూపుతున్నారు. అందుకు నాకు అభ్యంతరం లేదు. పద్దు వేసినప్పుడు అందులో మొదటి పొయ్యి వెలిగినదా అని అడుగవలెనని మాత్రమే నా మనవి.

1960ల తొలినాళ్ళలో హిందీ చిత్రసీమలో ఇద్దరు మహాగాయకుల నడుమ ఈ విషయమై అభిప్రాయభేదం వచ్చినది. రికార్డులు అమ్ముడైనంత కాలం గాయకులకూ రాయల్టీ రావలెనని లతా మంగేష్కర్ వాదించినది. పాడినందుకు నిర్మాత డబ్బు ఇచ్చినాడు, మనం పుచ్చుకొన్నాము, అంతటితో మన హక్కు తీరినదని మహమ్మద్ రఫీ అభిప్రాయపడినాడు. వీరు కొన్నేళ్ళు కలిసి పాడనేలేదు. రఫీ మాటలో ఒక సాధువు నిర్లిప్తత ఉన్నది. ఆయన ఉదారతకు సాక్ష్యాలు ఎన్నో. లత మాట పైకి వ్యాపారంగా వినిపించవచ్చును. కాని ఆలోచించినకొద్దీ లత పక్షమే ధర్మమని నాకు తోచినది. రఫీ వంటివాడు హక్కు వదలుకొంటే అది ఆయన గొప్పతనం. అదే నియమమైతే, వెనుక వరుసలో నిలిచి పాడే పేరులేని గాయని కూడా ఆ గొప్పతనాన్ని బలవంతాన మోయవలసి వస్తుంది. నష్టం నష్టపోయేవాడు కోరుకొంటేనే త్యాగం; ఇతరులు విధిస్తే దోపిడి.

1977లో ఈ ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు వచ్చినది. నిర్మాత ప్రతిఫలమిచ్చి సినిమా కోసం వ్రాయించుకొన్న సాహిత్యానికి, కట్టించుకొన్న బాణీకి, వేరే ఒప్పందం లేకపోతే, నిర్మాతయే ప్రథమ స్వామి అని న్యాయస్థానం తీర్పు చెప్పినది. చట్టపు అక్షరం అట్లున్నది. ఆ ధర్మాసనంలోని జస్టిస్ కృష్ణయ్యర్ తమ మాటగా ఒక చిన్న అనుబంధం చేర్చి, పాడేవారికి ఈ చట్టంలో చోటు లేకపోవుటను పార్లమెంటు దృష్టికి తెచ్చినారు. గాయకులకు ప్రదర్శకులుగా పరిమితమైన గుర్తింపు 1994లో వచ్చినది. 2012 సవరణతో పెద్ద మార్పు జరిగినది. సినిమాహాలులో చిత్రంతోబాటు ప్రదర్శించుట తప్ప, తక్కిన వినియోగాలన్నిటిలోను గీతకర్తకు, స్వరకర్తకు సమానభాగంగా రాయల్టీ పొందే హక్కు లభించినది. ఆ హక్కును కర్త తన సంతకంతో కూడ వదలుకొనలేడు. ఈ చివరి మాట ముఖ్యమైనది. బలవంతుడు, అవసరపరుడు ఎదురెదురుగా కూర్చున్నప్పుడు అవసరపరుని సంతకం స్వేచ్ఛాసంతకం కాదని చట్టం ఇక్కడ ఒప్పుకొన్నది. నా పాత ఒప్పందం జ్ఞాపకం వచ్చి, ఆ సవరణ చదివిన రోజున నేను చాలాసేపు మాట్లాడలేకపోయినాను.

ఒక్క కర్త అంటూ లేని కృతులు ఉన్నవి. పోచంపల్లి చీర మీది అల్లిక ఏ ఒక్కరిదీ కాదు. నూలును ముడివేసి, రంగులో ముంచి, ఆ పైన మగ్గం మీద రూపం తేల్చే ఆ విద్య ఒక ప్రాంతపు నేతవారందరిదీ. దానికి కాపీరైటు కుదరదు. 1999లో చేయబడి 2003లో అమలులోకి వచ్చిన భౌగోళిక గుర్తింపు చట్టం ఇటువంటి సామూహిక కర్తృత్వాన్ని అంగీకరించినది. పోచంపల్లి ఇకత్ అందులోని తొలి నమోదులలో ఒకటి. ఇది ముద్ర వంటిదే. పాట చివర కవి పేరు ఉన్నట్లు చీర చెంగున ఊరి పేరు. అయితే ఆ రూపాన్ని యంత్రం మీద బట్టకు అచ్చువేసి తక్కువ ధరకు అమ్మేవారు ఇప్పటికీ ఉన్నారు. నమోదుపత్రం నేతవానికి ఒక ఆయుధమిచ్చినది. దానిని ఎత్తి కోర్టు మెట్లు ఎక్కే శక్తి పత్రంతోబాటు రాలేదు. హక్కు ఉండుట వేరు, దాని ఫలం మగ్గం గుంట దాకా దిగుట వేరు.

మరొక వైపున చదువరి హక్కును కూడ మరువరాదు. ఖరీదైన పాఠ్యగ్రంథాల భాగాలను విద్యార్థులకు నకలు తీసి ఇచ్చినందుకు ఢిల్లీ విశ్వవిద్యాలయంపైనా, ఆవరణలోని ఒక చిన్న దుకాణంపైనా పెద్ద ప్రచురణసంస్థలు దావా వేస్తే, 2016లో ఢిల్లీ హైకోర్టు బోధనకు చట్టంలోనే మినహాయింపు ఉన్నదని విద్యార్థుల పక్షాన నిలిచినది. నాకది న్యాయంగానే కనిపించినది. కృతి దూరం పోయినకొద్దీ కర్తకు కీర్తి, భాషకు బలం. శరత్‌బాబు నవలలు చక్రపాణిగారి వంటివారి అనువాదాల ద్వారా తెలుగునాట ఎంతగా కలిసిపోయినవంటే, ఆయన తెలుగు రచయితయేనని భ్రమపడిన పాఠకులు ఉండేవారట. ఒక రచయితకు ఇంతకంటె పెద్ద పారితోషికం ఏ ఒప్పందంలోను లేదు. గోడలు మరీ ఎత్తయితే ఇటువంటి చుట్టరికాలు పుట్టవు.

నేడు ఒక కొత్త చదువరి వచ్చినాడు. వాడు మనిషి కాదు, యంత్రం. మన పుస్తకాలు, పత్రికలు, పాటలు అన్నీ చదివి, అడిగినవారికి అడిగిన తీరున వ్రాసి ఇస్తాడు. 2024 నవంబరులో ఒక భారతీయ వార్తాసంస్థ ఇట్టి యంత్రాన్ని నడిపే విదేశీ సంస్థపై ఢిల్లీ హైకోర్టులో దావా వేసినది. న్యాయం న్యాయమూర్తులు చెప్పుతారు. నీతి మాత్రం రాజశేఖరుని కాలం నుండి మారలేదు. పూర్వులను చదివి వ్రాయుట దోషం కాదు. ఆ పని మేమందరమూ చేసినాము. కాని మేము చదివిన పుస్తకం కొన్నాము, లేదా గ్రంథాలయంలో కూర్చుండి చదివినాము. గురువు పేరు చెప్పుకొన్నాము. మా రచనలపై అదే విధంగా మరొకరు పెరుగుటకు ఒప్పుకొన్నాము. యంత్రపు స్వామి ఈ మూడింటిలో ఏది చేస్తున్నాడు? అందరి నూనె పోసుకొని ఒక్కడే దీపం వెలుగును అమ్ముకొనుట ఏ కాలపు నీతిలోను ఒప్పు కాదు.

ఇప్పుడు నా మనస్సులో తేలిన మాట చెప్పి ముగిస్తాను. కృతిపై హక్కును భూమిపై హక్కు వలె చూచుటలోనే పొరపాటున్నది. అది కూలి. కూలి కాబట్టి పని చేసినవానికి చేరవలెను; నడుమనున్నవానికి చేరి అక్కడే ఆగిపోయే హక్కును కర్త పేరుతో సమర్థించరాదు. కూలి కాబట్టి దానికొక తుది ఉండవలెను. మనుమల మనుమలదాకా ప్రాకే కూలి కౌలు అవుతుంది. ఇక కర్త పేరు కూలి కాదు. దానికి తుది అక్కరలేదు. 1957 చట్టంలో ఒక సెక్షన్ ఈ తారతమ్యాన్ని గుర్తించినది: హక్కులన్నీ అమ్ముకొన్న తరువాత కూడ తన కృతి తనదని చెప్పుకొనుటకు, తన గౌరవానికి భంగం కలిగేటట్లు దానిని వికృతం చేయరాదని అడుగుటకు కర్తకు అధికారమున్నది. విజ్ఞానభవన్ గోడపై అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు శిల్పాన్ని 1979లో ఊడదీసి మూలబడవేసినప్పుడు, ఆయన ఈ సెక్షన్ బలంతోనే ప్రభుత్వంపై పోరాడినాడు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ శిల్పాన్ని ఆయనకు తిరిగి ఇప్పించినది. త్యాగయ్య ముద్రకు మన న్యాయశాస్త్రంలో దొరికిన చోటు ఇదియే.

ఆ చిన్న పుస్తకం ఇప్పటికీ నా బల్ల మీద ఉన్నది. ఈ సెక్షన్ సంగతి తెలిసిన తరువాత పంతులుగారికి మళ్ళీ ఉత్తరం వ్రాసినాను. కథ అచ్చువేయుటకు అనుమతి ఇచ్చే అధికారం నాకు లేదు, అది అమ్ముకొన్నాను. నా పేరు మాత్రం నేను అమ్ముకొనలేదు, ఎవరూ కొనలేరు. కనుక ఇక మీద పిల్లలకు ఆ కథ చెప్పేటప్పుడు, అచ్చువేయక నోటితో చెప్పేటప్పుడైనా, ఎవరు వ్రాసినారో కూడ చెప్పండి అని కోరినాను. ఆయన జవాబులో ఒక వింత తెలిపినారు. తరగతిలో కథ చెప్పి కర్త పేరు చెప్పగా ఒక బాలిక లేచి, ఇది మా అవ్వ చెప్పే కథే గదా అన్నదట.

ఆ పిల్ల మాట నిజమే. ఆ కథలోని ముసలమ్మను, ఆమె పలుకుబడిని, ఆ ఊరి బావిని నేను మా అవ్వ నోట విన్నాను. ఆమెకు నేను కూలి ఇవ్వలేదు. ఆమె పేరు కూడ ఎక్కడా వ్రాయలేదు.